ఔత్సాహిక కామిక్ పాత్రచిత్రణ: అభిప్రాయప్రకటన, స్వీకరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కామిక్ పుస్తకాల కోసం పాత్రల బొమ్మలు గీసే ఔత్సాహికులు తమ పనిని ఇతరులకు చూపి అభిప్రాయం కోరడం సర్వసాధారణం. ఆ అభిప్రాయం దేనిని ఆధారం చేసుకోవాలి, ఏ క్రమంలో చెప్పాలి, చిత్రకారుడు దానిని ఎంతవరకు స్వీకరించాలి అనే అంశాలను చిత్రసూత్రంలోని భావనలు, రొడాల్ఫ్ టొప్ఫేర్ ఉదంతం, జపాన్ చేతివ్రాత పత్రికల పద్ధతి ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కామిక్స్, పాత్రచిత్రణ, చిత్రసూత్రం, తాళమానం, చందమామ, లిఖిత పత్రిక, కళావిమర్శ.

1. ప్రవేశిక

కామిక్ పాత్ర ఒక్క బొమ్మతో పూర్తి కాదు. అదే మనిషి పుట తరువాత పుటలో వేర్వేరు భంగిమల్లో, వేర్వేరు దూరాల్లో కనిపించాలి; కనిపించిన ప్రతిసారీ పాఠకుడు తడుముకోకుండా గుర్తుపట్టాలి. గోడకు తగిలించే వర్ణచిత్రానికి ఈ నిర్బంధం లేదు. అందువల్ల "బాగుంది", "ఇంకా బాగా వేయాలి" వంటి మాటలు కామిక్ చిత్రకారునికి ఏ విధంగానూ తోడ్పడవు. ఏది ఎందుకు బాగుందో తెలియకపోతే అతడు దానిని తరువాతి గడిలో మళ్లీ సాధించలేడు.

ఔత్సాహికుని విషయంలో మరొక చిక్కు ఉంది. అతనికి జీతం లేదు, గడువు లేదు. అతనిని బల్ల ముందు కూర్చోబెట్టేది ఉత్సాహం ఒక్కటే. ఒక పరుషవాక్యంతో ఆ ఉత్సాహం ఆరిపోవచ్చు. వట్టి పొగడ్తతో ఒకే దోషం ఏళ్ల తరబడి చేతిలో పాతుకుపోవచ్చు. రెండింటిలో మొదటిదాని గురించే అందరూ జాగ్రత్తపడతారు. నిజానికి రెండవది కూడా అంతే నష్టం కలిగిస్తుంది.

2. చూసేవారిలో భేదం: చిత్రసూత్రం

విష్ణుధర్మోత్తరపురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం చిత్రాన్ని చూసేవారిని రుచిభేదాన్ని బట్టి విభజించింది. ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, అంటే వెలుగునీడల పనితనాన్ని ప్రశంసిస్తారని, స్త్రీలు ఆభరణాలను, తక్కినవారు రంగుల సంపదను కోరుతారని అందులో ఉంది. స్త్రీల గురించిన మాట ఆనాటి లోకదృష్టి. దానిని నేడు పట్టించుకోనక్కరలేదు. మిగిలిన పరిశీలన మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది. ఒకే బొమ్మను చూసిన నలుగురు నాలుగు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతారు. కిరీటం అద్భుతమని మెచ్చుకున్న మిత్రుడు, భుజం ఎముక తప్పిందన్న గురువు పరస్పరం విభేదించడం లేదు. వారు చూసిన పొరలు వేరు. అభిప్రాయం విన్న చిత్రకారుడు ముందుగా చేయవలసిన పని ఆ పొర ఏదో గుర్తించడం.

ప్రమాణం విషయంలోనూ ఈ గ్రంథం నేటి అభ్యాసకునికి ఉపయోగిస్తుంది. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశక అనే ఐదు పురుషలక్షణాలను చెప్పి, వారి ఎత్తులను వరుసగా 108, 106, 104, 100, 90 అంగుళాలుగా నిర్దేశించింది. ముఖం 12 అంగుళాలు, అదే ఒక తాళం. ఆ లెక్కన హంసపురుషుడు 9 తాళాలు. అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ 1943లో వెలువరించిన మానవాకృతి గ్రంథంలో ఆదర్శపురుషునికి 8 తలలు, వీరునికి 9 తలలు కొలతగా చూపాడు. తాళం అంటే నుదుటి పైభాగం నుండి గడ్డం వరకు గల ముఖం. లూమిస్ తల అంటే నడినెత్తి నుండి గడ్డం వరకు. కాబట్టి రెండు తొమ్మిదులూ ఒకటి కావు. అయినా రెండు సంప్రదాయాలూ ఒక మాట మీద నిలుస్తాయి: శరీరానికి ఒకే కొలత లేదు, పాత్రను బట్టి కొలత మారుతుంది.

అందువల్ల "కాళ్లు పొడవయ్యాయి" అనే వ్యాఖ్య అసంపూర్ణం. ఏ కొలతకు పొడవు? బాలవీరుని తల ఉద్దేశపూర్వకంగా పెద్దదిగా వేసి ఉండవచ్చు. అదే పాత్ర మొదటి గడిలో 5 తలలు, మూడవ గడిలో 7 తలలు ఉంటే అది దోషమే. పరిశీలకుడు పట్టవలసినది చిత్రకారుడు స్వయంగా ఎంచుకున్న కొలత నుండి ఎక్కడ తప్పాడో ఆ చోటు.

3. పెద్దవి ముందు, చిన్నవి తరువాత

అనుభవం లేని పరిశీలకుడు సాధారణంగా కళ్లు, వేళ్ల దగ్గర మొదలుపెడతాడు. అవి ఎదురుగా కనిపించే తప్పులు, చెప్పడం సులభం. కాని నిలబడిన తీరే సరిగా లేని బొమ్మకు వేళ్లు సరిదిద్దడం పునాది కుంగిన ఇంటికి సున్నం వేయడం వంటిది. మొదట చూడవలసినది ఛాయాకృతి. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపితే అది ఎవరో, ఏమి చేస్తున్నారో తెలుస్తుందా? చందమామ పాఠకులకు దీనికి వేరే ఉదాహరణ అక్కరలేదు. శంకర్ పేరుతో ప్రసిద్ధుడైన కె.సి. శివశంకరన్ (1924–2020) బేతాళకథలకు వేసిన విక్రమార్కుని బొమ్మలో ముఖాన్ని చెరిపివేసినా పాత్ర చెరగదు. భుజం మీద వేలాడే శవం, చేతిలో కత్తి, ముందుకు వేసిన అడుగు చాలు.

ఛాయాకృతి తరువాత శరీరం గుండా ప్రవహించే ప్రధానరేఖ, బరువు ఏ కాలి మీద నిలిచిందనే విషయం, ఆ తరువాత ప్రమాణం, ముఖభావం, చివరిగా వేషభూషలు. ఇది మార్చరాని క్రమమేమీ కాదు. ముఖం మాత్రమే గీసి చూపినవానిని కాళ్ల గురించి అడగడం హాస్యాస్పదం.

ఒక అభ్యాసకురాలు రుద్రమదేవిని కామిక్ పాత్రగా చిత్రించిందని అనుకుందాం. రుద్రమ నిటారుగా, రెండు పాదాల మీద సమానంగా బరువు మోపి నిలబడి ఉంది. నగల మీద ఎంతో శ్రమ కనిపిస్తుంది. కత్తిని బొమ్మకు అడ్డంగా, ఛాతీ ముందు పట్టుకుంది. "నగలు బాగున్నాయి, ముఖంలో రాజసం లేదు" అని చెప్పి ఊరుకుంటే ఆమె ముఖాన్ని పదిసార్లు చెరిపి గీస్తుంది, ఫలితం ఉండదు. లోపం ముఖంలో లేదు. కత్తి శరీరపు హద్దులోపలే ఉండడం వల్ల ఛాయాకృతిలో అది మాయమయింది. సమంగా మోపిన బరువు వల్ల ఆమె ఫొటోకు నిలబడినట్లుంది. ఇవి చెబితే ఒక గంటలో సరిదిద్దుకోగలదు. దానికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి అడగవచ్చు. రుద్రదేవునిగా పురుషనామంతో పాలించిన రాణి, రాయగజకేసరి బిరుదాంకిత. కథలో ఆమె ఏ ఘట్టంలో ఉంది? కొలువులోనా, యుద్ధభూమిలోనా? సమాధానం వస్తే ఆ నగలలో ఎన్ని ఉండాలో చిత్రకారిణికే తెలుస్తుంది. పరిశీలకుడు వాటి జోలికి పోనక్కరలేదు.

4. గోథే చెప్పినది, టొప్ఫేర్ విన్నది

ఔత్సాహికుని కామిక్ బొమ్మలపై వెలువడిన అభిప్రాయాలలో చరిత్రకెక్కినది గోథే అభిప్రాయం. జెనీవాకు చెందిన రొడాల్ఫ్ టొప్ఫేర్ (1799–1846) చిత్రకారుని కుమారుడు. కంటిజబ్బు వల్ల తండ్రి వృత్తిని చేపట్టలేక ఉపాధ్యాయుడయ్యాడు. తన వసతిపాఠశాల విద్యార్థుల వినోదం కోసం హాస్యపు బొమ్మలకథలు గీసేవాడు. వాటిని అచ్చు వేయించే ఆలోచన మొదట్లో అతనికి లేదు. ఎనభై దాటిన గోథేకు ఆ వ్రాతప్రతులు మిత్రుల ద్వారా చేరాయి. ఆయన వాటిని ఎంతగానో మెచ్చుకున్నాడు. అంతతేలికైన విషయాలను వదలి, కొంత నిగ్రహం పాటిస్తే ఈ చిత్రకారుడు ఊహకందని పనులు చేయగలడని కూడా అభిప్రాయపడ్డాడు.

ఈ అభిప్రాయంలో రెండు భాగాలున్నాయి. మొదటిది శక్తిని గుర్తించడం, రెండవది దిశను మార్చుకొమ్మనడం. టొప్ఫేర్ మొదటిదానిని స్వీకరించాడు. మస్యే జాబో కథను 1833లో అచ్చు వేయించి, 1835లో పాఠకులకు అందించాడు. తరువాత మరికొన్ని వచ్చాయి. రెండవదానిని ఆయన పాటించిన జాడ లేదు. కథలు అంతే వెర్రిగా, అంతే తేలికగా సాగాయి. కామిక్స్ చరిత్రకారులలో పలువురు నేడు ఆయనను ఆ కళకు ఆద్యుడిగా పరిగణించడానికి ఆధారం ఆ తేలికకథలే. సలహా ఇచ్చినవాడు గోథే అయినా, ఆ సలహా అతని సొంత సాహిత్యాభిరుచి నుండి వచ్చింది. బొమ్మలో కనిపించిన లోపానికీ, చూసేవాని అభిరుచికీ మధ్య గల ఈ తేడాను టొప్ఫేర్ గ్రహించాడో లేదో కాని, అతని చేతి పని మాత్రం ఆ తేడాను పాటించింది.

1845లో టొప్ఫేర్ ముఖలక్షణాలపై ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. శిక్షణ లేని చేయి గీసిన అతి మొరటు ముఖానికి కూడా ఏదో ఒక భావం తప్పక ఉంటుందని, గీతలను కొద్దికొద్దిగా మారుస్తూ పదేపదే గీస్తే ఏ గుర్తు ఏ భావాన్ని ఇస్తుందో తెలుస్తుందని అందులో నిరూపించే ప్రయత్నం చేశాడు. పరిశీలకునికి ఇది విలువైన సూచన. "ముఖంలో భావం లేదు" అనడం ఎప్పుడూ తప్పే. అక్కడ ఉన్న భావం ఏదో చెప్పాలి. "కోపంగా వేశానన్నావు, నాకు నిద్రమత్తుగా కనిపిస్తున్నది" అంటే చిత్రకారునికి పట్టు దొరుకుతుంది.

5. చేతి నుండి చేతికి

మాంగా షోనెన్ (1947–1955) అనే జపాన్ మాసపత్రిక పాఠకులు పంపిన బొమ్మలకథలను ప్రచురించేది. మియాగి ప్రాంతపు విద్యార్థి ఇషినొమొరి షోతారో (1938–1998) అందులో తరచు పాల్గొన్నాడు. 1953లో తోటి ఔత్సాహికులతో కలిసి బొకుజూ ఇత్తెకి అనే పత్రిక మొదలుపెట్టాడు. పేరుకు ఒక సిరాచుక్క అని అర్థం. దానికి అచ్చు లేదు. అసలు బొమ్మలనే కుట్టి, ఒకరి నుండి ఒకరికి పంపే పత్రిక అది. సైబోర్గ్ 009, కామెన్ రైడర్ వంటి పాత్రలు తరువాతి కాలంలో ఆయన సృష్టించినవే.

తెలుగునాట పాఠశాలల్లో, గ్రంథాలయాల్లో నడిచిన లిఖిత పత్రికలతో దీనికి పోలిక స్పష్టం. ఈ పద్ధతి గొప్పదనం దాని నిదానంలో ఉంది. మూలప్రతి చేతిలో ఉండడం వల్ల చెరిపిన గీతలు, సిరా తడబడిన చోట్లు కనిపిస్తాయి. చూసేవారు కూడా గీసేవారే. రేపు తమ బొమ్మ అదే వరుసలో తిరుగుతుందన్న ఎరుక నోటిని అదుపులో ఉంచుతుంది.

6. స్వీకరణ

అమెరికన్ నృత్యకారిణి లిజ్ లెర్మన్ 1990 ప్రాంతంలో రూపొందించిన విమర్శపద్ధతిలో నాలుగు దశలున్నాయి. ముందు చూసినవారు తమకు తట్టినది, మనసుకు హత్తినది చెబుతారు. తరువాత కళాకారుడు ప్రశ్నలు అడుగుతాడు. ఆపై చూసినవారు తటస్థమైన ప్రశ్నలు వేస్తారు. చివరకు కళాకారుని అనుమతితో అభిప్రాయాలు చెబుతారు. నృత్యం కోసం పుట్టినా పాత్రచిత్రణకు ఇది చక్కగా అమరుతుంది. రెండవ దశ మరీ ముఖ్యం. "ఎలా ఉంది?" అని అడిగినవానికి "బాగుంది" అనే జవాబే వస్తుంది. "ఈమె వయసెంత అనిపిస్తోంది?", "బరువైన సంచి మోస్తున్నట్లుందా?" అని అడిగినవానికి ఉపయోగపడే జవాబు వస్తుంది.

బొమ్మ మీద నేరుగా దిద్దడం గురించి ఒక మాట. పలుచని కాగితం పరచి పైన సరిచేసి చూపడం పది వాక్యాల పని చేస్తుంది. కాని అడగకుండా చేస్తే అది దిద్దేవాని బొమ్మ అయిపోతుంది. పైగా అతని శైలి కూడా దిద్దుబాటుగా చలామణీ అవుతుంది. తుంటి వంపు, వెన్నెముక వాలు వరకు గీసి చూపి, ముఖాన్ని చిత్రకారునికే విడిచిపెట్టడం మేలు.

అభిప్రాయం అందిన వెంటనే పాత బొమ్మను చెరిపి సవరించడం అభ్యాసకుల సహజధోరణి. సవరించిన బొమ్మ ఒకటి బాగుపడుతుంది గాని చేయి మారదు. ఆ బొమ్మను తేదీతో సహా అలాగే దాచి, అదే పాత్రను కూర్చున్నట్లు, పరుగెత్తుతున్నట్లు, వెనుక నుండి చూసినట్లు కొత్తగా గీయాలి. ముగ్గురు వేర్వేరుగా ఒకే చోట వేలు పెడితే, వారు చెప్పిన పరిష్కారాలు వేరైనా, ఆ చోట ఏదో పొరపాటు ఉందనే భావించాలి. పరిష్కారాన్ని ఆ మూడు కొత్త బొమ్మలలో తానే వెతుక్కోవాలి.