కిర్‌స్టీ కోవెంట్రీ: జింబాబ్వే ఈతకొలను నుంచి ఒలింపిక్ శిఖరానికి

1983లో హరారేలో జన్మించి, అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందిన కిర్‌స్టీ కోవెంట్రీ, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో, అంటే వెల్లకిలా ఈదే పోటీలో, స్వర్ణం గెలిచి, దానితోపాటు ఒక రజతం, ఒక కాంస్యం సాధించి, జింబాబ్వేకు ఈతలో తొలి ఒలింపిక్ పతకాలు అందించారు.

ఆమె అసలు సత్తా 2008 బీజింగ్‌లో వెల్లడైంది. 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ సెమీఫైనల్లో 58.77 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినా, ఫైనల్లో 59.19 సెకన్లు పట్టడంతో రజతంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ రీతులను వరుసగా ఈదవలసిన వ్యక్తిగత మెడ్లే పోటీల్లో ఆస్ట్రేలియాకు చెందిన స్టెఫానీ రైస్ ఆమెను రెండుసార్లు ఓడించగా, 200 మీటర్లలో వారిద్దరి మధ్య తేడా 0.14 సెకను మాత్రమే, అంటే రెప్పపాటు కాలమే. మూడుసార్లు స్వర్ణం చేజారినా చెక్కుచెదరక, చివరి పోటీ అయిన 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌ను 2 నిమిషాల 5.24 సెకన్ల ప్రపంచ రికార్డుతో ముగించి స్వర్ణాన్ని నిలబెట్టుకోవడం ఆమె క్రీడాజీవితంలోకెల్లా మహోన్నత ఘట్టం.

ఏడు ఒలింపిక్ పతకాల ఈ విజేత 2025లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి తొలి మహిళా అధ్యక్షురాలిగా, ఆఫ్రికా ఖండం నుంచి ఆ పదవికి ఎన్నికైన తొలి వ్యక్తిగా బాధ్యతలు చేపట్టారు.