తుపాను కోపానికి కొలతలున్నాయి

పిల్లలూ, నవంబరు నెలలో మన పుదుచ్చేరిలో ఇంగ్లీషు పేపరు తిరగేసి చూడండి. సముద్రం గురించి రాసేటప్పుడు ఎన్ని కోపపు మాటలు వాడతారో! ఫ్యూరీ, రేజ్, రాత్ అంటూ వరసపెట్టి వస్తాయి. అన్నీ కోపాలే గానీ అన్నీ ఒకటి కావు. ఇరిటేషన్ అంటే ఉత్త చిరాకు. యాంగర్ అంటే మామూలు కోపం. ఫ్యూరీ అంటే పట్టపగ్గాలు లేని కోపం. రేజ్ అంటే ఒళ్లు తెలియని ఆవేశం. రాత్‌లో శిక్షించి తీరాలన్న పంతం కూడా ఉంటుంది. మనకూ చిరాకు, కోపం, ఆగ్రహం, రౌద్రం అని మెట్లున్నాయి కదా! కాకపోతే ఏ మెట్టు ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీసి చెప్పలేరు. నాకు కోపంగా తోచింది మీ నాయనమ్మకు చిరాకుగా తోచవచ్చు.

ఓడ నడిపేవాడికి ఇలా తలా ఒక మాట అంటే కుదరదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సిస్ బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలికి అంకెలు వేయడం మొదలుపెట్టాడు. ఆ పట్టిక చివరికి 0 నుంచి 12 దాకా స్థిరపడింది. 0 అంటే కామ్, అంటే ఆకు కదలని స్థితి. తర్వాత బ్రీజ్‌లలోనే లైట్, జెంటిల్, మోడరేట్, ఫ్రెష్, స్ట్రాంగ్ అని ఐదు రకాలు. ఆపైన గేల్, స్టార్మ్, చివరికి హరికేన్. ఓడ ఎంత తెరచాప మోయగలదన్నదే అప్పటి కొలత. పన్నెండో నంబరు గాలికి ఏ తెరచాపా నిలవదు.

సైక్లోన్ అన్న పేరైతే మన బంగాళాఖాతం పక్కనే పుట్టింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ 1848లో అచ్చయిన తన పుస్తకంలో ఆ పేరు పెట్టాడు. పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. తుపానులో గాలి తిన్నగా వీయదు, సుడి తిరుగుతుంది మరి. ఆయన పరిశీలించిన వాటిలో 1839లో కోరంగిని ముంచిన తుపాను ఒకటి. ఆ కోరంగి మన యానాం పక్క ఊరే.

ఇప్పుడు మన వాతావరణ శాఖ లెక్క చూద్దాం. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62కి చేరితే తుపాను, అప్పుడే దానికి పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 166 నుంచి అత్యంత తీవ్ర తుపాను, 221 దాటితే సూపర్ సైక్లోన్. ఇంగ్లీషు బులెటిన్‌లో సివియర్, వెరీ సివియర్, ఎక్స్‌ట్రీమ్లీ సివియర్ అని చదివేవి ఇవే. అవి రాసేవాడి ఉద్వేగాన్ని బట్టి పడే మాటలు కావు. ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క అంకె ఉంది.

ఒక మెట్టు ఎక్కితే ఏమంత తేడా అనుకోకండి. గాలివేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. మన వీధి తలుపు రెండు మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పు ఉందనుకోండి. గంటకు 70 కిలోమీటర్ల గాలి దాన్ని దాదాపు 45 కిలోల బరువుతో నెడుతుంది. గాలి 140కి చేరిందా, ఆ బరువు 180 కిలోలవుతుంది. గడియ విరగడంలో వింతేముంది? 2011 డిసెంబరు 30 పొద్దున్నే థానే తుపాను కడలూరుకీ పుదుచ్చేరికీ మధ్య తీరం దాటినప్పుడు గాలి అంత వేగంతోనే వీచింది. అతి తీవ్ర తుపాను అది. కడలూరు జిల్లాలో జీడిమామిడి, పనస తోటలు నేలకొరిగాయి.

ఇక అసలు సంగతికొస్తాను. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. దాని గాలి గంటకు 70, 80 కిలోమీటర్లు. అంటే ఉత్త తుపాను, ముందు తీవ్ర అన్న మాట కూడా లేదు. థానేతో పోలిస్తే చిన్నదే కదా అనిపిస్తుంది. కానీ అది ముందుకు నడవకుండా మన నెత్తిమీదే తిష్ఠ వేసింది. 24 గంటల్లో పుదుచ్చేరిలో 46 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఒక చదరపు మీటరు నేలమీద 460 లీటర్లు! వంద చదరపు మీటర్ల డాబా మీద 46,000 లీటర్లు. ఈ నీళ్లన్నీ పల్లపు వీధుల్లోకే పోవాలి. కృష్ణానగర్‌లో చిక్కుకున్నవాళ్లను సైన్యం వచ్చి బయటికి తీసుకొచ్చింది.

తీవ్ర అన్న మాట గాలి ఒక్కదాన్నే కొలుస్తుంది, వాన దాని లెక్కలోకి రాదు. వానకు వేరే మెట్లున్నాయి. రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఆ కొలతలో ఫెంగల్ ఆఖరి మెట్టును రెండింతలకు మించి దాటింది.

రేవులో ఎగరేసే హెచ్చరికలకూ నంబర్లుంటాయి, వాటినీ ఇలాగే చదవాలి. ఒకటి, రెండు నంబర్లంటే తుపాను దూరాన ఉందని. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు వచ్చినప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగండి. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు? వాన ఎన్ని సెంటీమీటర్లు? తుపాను ఎంత వేగంగా కదులుతోంది? మూడింటికీ జవాబు తెలిసేదాకా, మాట చిన్నదిగా ఉంది కదా అని ఎవరూ ధీమాగా కూర్చోకండి. పక్కింటివాళ్లనీ కూర్చోనివ్వకండి.