గొడుగు కింద గుట్టు

మొన్న ముసురు వెలిశాక, ఖైరతాబాదులో మా పెరటి గడ్డిలో తెల్లని గొడుగులు విచ్చుకున్నాయి. పిల్లలు ఒళ్ళో నింపుకొచ్చారు.

"వెండి చెంచా వేసి ఉడికించమ్మా. నల్లబడకపోతే భయం లేదు" అన్నారు అత్తయ్యగారు.

నాకు మనసొప్పలేదు. ఆ పూట వంకాయకూరతో సరిపెట్టి, ఒకదాని తల తుంచి తెల్లకాగితంమీద పరిచి, గిన్నె బోర్లించాను. తెల్లవారి చూస్తే ఆకుపచ్చని పొడి!

చెదపుట్టమీద మొలిచే కమ్మని పుట్టగొడుగు రాల్చేది లేతగులాబి పొడి. దాని కాడ వేరులా పుట్టలోకి దిగి ఉంటుంది. ఆకుపచ్చపొడి రాల్చే కుక్కగొడుగు పేరు క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. తిన్న కొద్దిగంటల్లోనే వాంతులు, విరేచనాలు. వెండికి ఈ విషం తెలియదు.

పొడి ఏ రంగుదైనా సరే, బాగా ఎరిగినవారు చూసి చెప్పనిదే పొయ్యి ఎక్కించకండి. అత్తయ్యగారు కాగితం చూసి, చెంచా పెట్టెలో దాచేశారు.