అలాస్కా ఓడకు ముందు, ఓడకు తరువాత

ఓడలో గది ఖాయపరచుకొనుట సులభము. ఆ ఓడను సకాలమున అందుకొనుటయు, అది దింపిన చోటినుండి ఇల్లు చేరుటయు వేరొక విద్య. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్మండు ప్రాంతములందు మన తెలుగు బిడ్డలు పెక్కుమంది ఉద్యోగములలో నున్నారు. వారిని చూడబోవు తల్లిదండ్రులకు అలాస్కా ఓడయాత్ర ఆ ప్రయాణములో జతపడుట సహజము. అట్టి యాత్రకు విమానములలో పై తరగతి స్థానములను ఏర్పాటు చేసికొను తీరు నేటి ప్రసంగ విషయము.

అలాస్కా యాత్రలు ముఖ్యముగా రెండు విధములు. సియాటిల్‌లో ఎక్కి, ఏడు రాత్రుల పిమ్మట మరల సియాటిల్‌లోనే దిగునది యొకటి. కెనడాలోని వాంకూవరున ఎక్కి, ఉత్తరముగా సాగి, అలాస్కాలోని సీవర్డు లేక విట్టియరు రేవున దిగునది రెండవది. ఇట్లుండుటకు కారణము 1886 నాటి అమెరికా చట్టమొకటి. విదేశపు జెండాతో నడచు ఓడ అమెరికాలోని ఒక రేవున ఎక్కించుకొన్న ప్రయాణికుని, దూరదేశపు రేవును తాకకుండ, మఱియొక అమెరికా రేవున దింపరాదు. ఈ పెద్ద విహారనౌకలు ఇంచుమించు అన్నియు విదేశపు జెండాలవే. కావుననే సియాటిల్ ఓడలు కెనడాలోని విక్టోరియా వంటి రేవున కొన్ని గంటలు ఆగును. ఉత్తరమున దింపివేయు ఓడలు వాంకూవరునుండి బయలుదేరును. 2021లో కోవిడ్ కారణమున కెనడా రేవులు మూతపడినపుడు, అమెరికా చట్టసభ ప్రత్యేక శాసనముతో తాత్కాలికముగా మినహాయింపు నీయవలసివచ్చెను.

ఈ చట్టమునకు విమానపు టికెట్టుతో సంబంధము లేదని తోచును. కాని చిక్కంతయు ఇందే యున్నది. మధ్యధరా సముద్రమున ఓడ తప్పిపోయినవారు విమానములో మరునాటి రేవునకు పోయి దానిని కలిసికొనుట కద్దు. వాంకూవరునుండి సీవర్డునకు పోవు ఓడ తప్పినచో ఆ వీలు లేదు. తరువాత ఆగు కెచికాన్, జూనో మొదలగు రేవులు అమెరికావి; దిగవలసిన సీవర్డును అమెరికాదే. కెచికాన్‌లో ఎక్కి సీవర్డున దిగుట రెండు అమెరికా రేవుల నడుమ ప్రయాణమగును గదా! ఓడ కంపెనీ యెంత దయగలదైనను చట్టము అడ్డుపడును. విమానమొకటి ఆరు గంటలు ఆలస్యమైనచో వారము దినముల యాత్రయు, చెల్లించిన సొమ్మును నీటిపాలగును.

కావున ఓడ బయలుదేరు దినముననే వాంకూవరు చేరు విమానమును ఎంచుకొనుట తగదు. ఒక దినము ముందు చేరుట కనీసము. హైదరాబాదునుండి పోవువారికి రెండు దినములు మేలు. నేరుగా పోవు విమానము లేదు. ఒకటి రెండు చోట్ల మారవలయును. వేసవిలో అచ్చటి గడియారము మనకంటె పండ్రెండున్నర గంటలు వెనుకబడి యుండును గనుక రేయింబవళ్లు తారుమారగును. విమానాశ్రయమునుండి కెనడా ప్లేసు అను ఓడల నిలయమునకు పోవుట మాత్రము సుఖము. 2009లో ప్రారంభమైన పట్టణపు రైలు సుమారు అరగంటలో దాని సమీపమునకు చేర్చును. అమెరికా అధికారులు అచ్చటనే, ఓడ యెక్కకముందే, పాసుపోర్టులను తనిఖీ చేయుదురు. భారత పాసుపోర్టు గలవారికి కెనడా వీసాయు, అమెరికా వీసాయు సాధారణముగా రెండును వలయును. టికెట్టు కొనుటకు పూర్వమే ఈ సంగతి తేల్చుకొనుట మంచిది. పై తరగతి టికెట్టు చూపినంతమాత్రమున వీసా కచేరీలవారు తొందరపడరు.

ఎక్కునది వాంకూవరున, తిరుగు విమానము ఆంకరేజినుండి. ఇందుకు రెండు విడి టికెట్లు కొనవలయునని పలువురు భావింతురు. అట్లు గాదు. హైదరాబాదునుండి వాంకూవరునకు పోవుటయు, ఆంకరేజినుండి హైదరాబాదునకు వచ్చుటయు ఒకే టికెట్టుపై వ్రాయించుకొనవచ్చును. విమాన కంపెనీలు దీనిని రానుపోను టికెట్టువలెనే లెక్కించుట పరిపాటి. పై తరగతులలో ఒకవైపు టికెట్టు వెల, రానుపోను వెలలో సగముకంటె ఎంతో హెచ్చుగా నుండుట తరచు. ఒకే టికెట్టైనచో, మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినపుడు తరువాతి విమానమున చేర్చు పూచీ కంపెనీది. విడివిడి టికెట్లైనచో ఆ కష్టము మనదే. అయితే నడుమ నొక భాగమును వాడక విడిచినచో మిగిలిన భాగములు రద్దగును. కనుక ముందు సియాటిల్‌లో కుమారునింట దిగదలచినవారు టికెట్టును సియాటిల్‌వరకే కొనవలెను. అచ్చటినుండి వాంకూవరునకు సుమారు 230 కిలోమీటర్లు. రైలుననో కారుననో పోవచ్చును.

ఓడ కంపెనీలును విమాన టికెట్లు అమ్మును. ఆలస్యమైనపుడు వారు కొంత పూనుకొందురు. కాని మార్గమును వారే నిర్ణయించు పద్ధతి యొకటి గలదు. మనకు నచ్చిన విమానమును కోరినచో అదనపు రుసుము పడవచ్చును. వారి సాయమైనను పైని చెప్పిన చట్టమునకు లోబడినదే.

ఇక తరగతుల మాట. పేరు పెద్దదైనంతనే పడక దొరకదు. ఆంకరేజినుండి సియాటిల్‌కు మూడున్నర గంటల విమానములో ఫస్ట్ క్లాసు అనునది సాధారణముగా వెడల్పైన కుర్చీయే. చదునుగా పరచుకొను పడక మహాసముద్రములు దాటు విమానముల బిజినెస్ క్లాసులో నుండును. ప్రీమియం ఎకానమీలో కాళ్లకు చోటు హెచ్చు, వీపు మరికొంత వాలును, అంతే. మొత్తము టికెట్టునకు పై తరగతి పేరుండి, నడుమ నొక భాగము క్రింది తరగతిలో నుండుటయు కలదు. కావున ప్రతి భాగమునకు ఎదురుగా ఏ తరగతి వ్రాసియున్నదో చదివి చూడవలెను. శాకాహారులు తమ భోజనమును ముందుగనే చెప్పియుంచవలెను.

రెండు దిక్కులకు సొమ్ము చాలనివారు పడకను తిరుగు ప్రయాణమునకే కొనవలెనని నా యభిప్రాయము. పోవునపుడు వాంకూవరులో రెండు రాత్రులు నిద్రించి అలసట తీర్చుకొనవచ్చును. వచ్చునపుడు అట్లు గాదు. ఓడ తెల్లవారుజామున రేవు చేరును. ప్రొద్దుటనే గది ఖాళీ చేయవలయును. సీవర్డునుండి ఆంకరేజి సుమారు 200 కిలోమీటర్లు. విట్టియరునుండి దూరము అందులో సగమే గాని, 4 కిలోమీటర్ల సొరంగమొకటి దాటవలయును. 2000లో కార్లకు, బస్సులకు తెరచిన ఆ సొరంగమున దారి యొక్కటే. రైళ్లును, ఇరువైపుల వాహనములును వంతులవారీగా పోవును. కనుక మధ్యాహ్నపు విమానము నమ్మదగినది కాదు. ఆంకరేజినుండి దక్షిణమునకు రాత్రి విమానములు పెక్కు గలవు. పగలంతయు గదిలేక గడిపి, రాత్రి విమానమెక్కి, ఆ మీద సముద్రములు దాటవలెను. అరువదేండ్లు దాటినవారికి పడక విలువ అప్పుడు తెలియును.

దిగుటకు ముందటి రాత్రి ఓడవారు పెద్ద పెట్టెలను గదుల వెలుపల నుంచుమందురు. అవి మరల కనబడునది రేవుననే. పాసుపోర్టును, మందులను, మరునాటి ఉడుపులను చేతిసంచిలో నుంచుకొనవలెను.