నజఫ్ సందులో తెరుచుకున్న తలుపు

2021 మార్చి 6. ఇరాక్‌లోని నజఫ్ పట్టణం. ఇమామ్ అలీ దర్గాకు దారితీసే రసూల్ వీధిలో కారు ఆగింది. అక్కణ్నుంచి ఇరుకు సందు. ఎనభై నాలుగేళ్ల పోప్ ఫ్రాన్సిస్ కుంటుతూనే నడిచి, ఓ మామూలు ఇంటి గడప తొక్కారు. దశాబ్దాలుగా ఆ ఇంట్లో అద్దెకుంటున్న పెద్దాయన అయతుల్లా అలీ సిస్తానీ. వయసు తొంభై. కోట్లాది షియా ముస్లింలకు ఆయన మాట శిరోధార్యం. పోప్ గది బయటే బూట్లు విప్పారు. మామూలుగా కూర్చునే అతిథులను పలకరించే సిస్తానీ, ఆయన కోసం లేచి నిలబడ్డారు.

ఈ రెండు చిన్న మర్యాదల వెనుక నెలల తరబడి సాగిన మంతనాలున్నాయి. అంతకంటే ముందు, పదిహేనేళ్ల నాటి ఒక గాయం ఉంది.

వాటికన్ ఊరంత రాజ్యం. అయినా 180కి పైగా దేశాలతో దానికి దౌత్య సంబంధాలున్నాయి. సైనిక బలమూ, వ్యాపార బలమూ లేనిచోట మాటే పెట్టుబడి. ఆ మాట ఒకసారి జారింది. 2006 సెప్టెంబరు 12న జర్మనీలోని రేగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అప్పటి పోప్ బెనెడిక్ట్, మహమ్మద్ ప్రవక్తను నిందిస్తూ ఓ బైజాంటిన్ చక్రవర్తి అన్న వాక్యాన్ని ఉదహరించారు. ముస్లిం దేశాలు భగ్గుమన్నాయి. పాలస్తీనాలో చర్చిలపై దాడులు జరిగాయి. అవి తన అభిప్రాయాలు కావని పోప్ వివరణ ఇచ్చారు, ముస్లిం దేశాల రాయబారులను పిలిచి మాట్లాడారు. నవంబరులో ఇస్తాంబుల్ వెళ్లి, బ్లూ మసీదులో ముఫ్తీ పక్కన మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనం కొంత పని చేసింది.

కానీ 2011 ఆరంభంలో బంధం మళ్లీ తెగింది. అలెగ్జాండ్రియాలో చర్చి దగ్గర బాంబు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. క్రైస్తవులకు రక్షణ కల్పించాలని బెనెడిక్ట్ కోరితే, అది తమ ఇంటి విషయంలో జోక్యమంటూ ఈజిప్టు తన రాయబారిని వెనక్కి పిలిచింది. వెయ్యేళ్ల చరిత్ర ఉన్న సున్నీ విద్యాపీఠం అల్ అజ్హర్ చర్చలు ఆపేసింది.

అతికించడానికి ఐదేళ్లు పట్టింది. 2016 మేలో అల్ అజ్హర్ గ్రాండ్ ఇమామ్ అహ్మద్ అల్ తయ్యిబ్ వాటికన్ వచ్చారు. మన కలయికే సందేశమన్నారు ఫ్రాన్సిస్. మరుసటి ఏడాది ఈజిప్టులో రెండు చర్చిలపై బాంబు దాడులు జరిగిన మూడు వారాలకే ఆయన కైరో వెళ్లారు. 2019 ఫిబ్రవరి 4న ఇద్దరూ అబుదాబిలో మానవ సౌభ్రాతృత్వ పత్రంపై సంతకాలు చేశారు. మర్నాటి ప్రార్థనకు తరలివచ్చిన లక్షన్నరకు పైగా జనంలో మనవాళ్లూ, ఫిలిప్పీన్స్ వాళ్లూ కిక్కిరిసి కనిపించారు. పొట్టకూటికి గల్ఫ్ వెళ్లిన మనిషికి అక్కడ తన దేవుణ్ని బహిరంగంగా తలచుకోగలగడం చిన్న సంగతి కాదు.

సున్నీలతో కుదిరింది సరే, షియాల సంగతేమిటి? దానికి జవాబే నజఫ్. ముప్పావు గంట ముచ్చట తర్వాత సిస్తానీ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఇరాక్ క్రైస్తవులు కూడా మిగతా పౌరుల్లాగే శాంతిగా, పూర్తి రాజ్యాంగ హక్కులతో బతకాలన్నది దాని సారాంశం. ఏళ్లుగా ఇరాక్ రాజకీయ నాయకులను కలవడానికే ఇష్టపడని మనిషి నుంచి వచ్చింది కాబట్టే ఆ మాటకు అంత బరువు. 2003 యుద్ధానికి ముందు పది లక్షలకు పైగా ఉన్నారనుకునే అక్కడి క్రైస్తవుల్లో అప్పటికి ఏ రెండు మూడు లక్షల మందో మిగిలారు. ఇద్దరు ముసలివాళ్లు మాట్లాడుకున్నంత మాత్రాన వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు. ఉన్నవాళ్లను కాపాడుకోవడానికైనా పెద్దల మాట అవసరమే.

మర్నాడు ఫ్రాన్సిస్ మోసుల్‌లో, ఐఎస్ ఉగ్రవాదుల ఏలుబడిలో కూలిన చర్చిల నడుమ ప్రార్థన చేశారు. ఆ పాత నగరంలో పునర్నిర్మాణం అప్పటికే మొదలైంది. యునెస్కో చేపట్టిన ఆ పనిలో అల్ నూరీ మసీదు, దాని ఒరిగిన మినార్, అల్ తాహిరా, అల్ సాఆ చర్చిలు మళ్లీ లేచాయి. వీటన్నిటికీ డబ్బిచ్చింది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్.