తాగుడుకు చికిత్స మన ఊరి దగ్గరే సాధ్యమేనా?

ఏ సంఘంలోనైనా ప్రార్థన విన్నపాలు అడిగితే "మా ఆయన తాగుడు మానాలి", "మా కొడుకు మారాలి" అనే మాట వినబడుతుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లోనూ అంతే. ఆ విన్నపాన్ని దేవుని ముందు పెడతాం. అయితే ఆ మనిషిని ఎవరికి చూపించాలి అని ఆ ఇల్లాలు అడిగితే మనలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. తాగుడును పాపంగా చూడటం మనకు తెలుసు. అది చికిత్సకు లొంగే జబ్బు కూడా అన్న సంగతి అంతగా తెలియదు. పేదల మధ్య జరిగిన వైద్య పరిశోధనలు ఈ విషయంలో ఏం తేల్చాయో చూద్దాం.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వే నివేదిక 2019లో వెలువడింది. మద్యం వల్ల హాని పాలవుతూ సహాయం అవసరమైనవారు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది అని అది లెక్కగట్టింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది ఒక్కరికే. మిగతా 37 మందికి ఏ వైద్యమూ లేదు.

మన పడమటి మండలాల్లో ఆ 37 మందిలో ఎవరుంటారో ఊహించడం కష్టం కాదు. ఆదోని నుంచి కర్నూలు పెద్దాస్పత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. పత్తి మిల్లులో హమాలీకైనా, ఎమ్మిగనూరులో మగ్గం నేసేవారికైనా ఒకరోజు ప్రయాణమంటే ఒకరోజు కూలి పోయినట్టే. కోసిగి, కౌతాళం వంటి మండలాల నుంచి వేల కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి వెళ్తాయి. వాళ్లు నెలల తరబడి ఊళ్లోనే ఉండరు. మద్యం మాత్రం ఎక్కడికి వెళ్లినా దొరుకుతుంది. పక్కనే కర్ణాటక సరిహద్దు ఉంది. చికిత్స దూరం, సీసా దగ్గర. సమస్య అక్కడుంది.

ఈ దూరాన్ని తగ్గించవచ్చా అని గోవాలో ఒక పరిశోధన జరిగింది. సంగాత్ అనే సంస్థ 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హానికరంగా తాగుతున్న 377 మంది పురుషులను ఎంచుకుంది. చీటీలు వేసినట్టుగా వారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం కాస్త మెరుగుపరచి ఇచ్చారు. రెండో జట్టుకు దానితోపాటు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ కౌన్సెలింగ్ చేసింది డాక్టర్లు కాదు, సైకాలజిస్టులూ కాదు. శిక్షణ పొందిన మామూలు స్థానికులు. అరగంట నుంచి ముప్పావు గంట చొప్పున ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. ఆరోగ్య కేంద్రంలోనో, ఆ మనిషి ఇంట్లోనో. ఎందుకు తాగుతున్నావు, ఏ వేళకు మనసు లాగుతుంది, స్నేహితుడు పిలిస్తే ఏమని చెప్పి తప్పుకుంటావు... ఇలాంటి మాటలే.

ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే, అంతకుముందు రెండు వారాలు అసలు ముట్టనివారు కౌన్సెలింగ్ జట్టులో 42 శాతం, రెండో జట్టులో 18 శాతం. ఏడాది తర్వాత కూడా కౌన్సెలింగ్ పొందినవారే మెరుగ్గా ఉన్నారు. అయితే తాగడం కొనసాగించినవారిలో తాగే మోతాదు మాత్రం తగ్గలేదు. ఇది మంత్రం కాదు, కానీ పనిచేసే పని.

ఇంకో దారి తమిళనాడులో కనబడుతుంది. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ స్థాపించిన టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్, మంజక్కుడి అనే పల్లెలో శిబిరం పెట్టి, ఊరివారి సాయంతో అక్కడే చికిత్స చేసింది. రోగి నగరానికి వెళ్లలేకపోతే వైద్యమే పల్లెకు రావాలన్నది దాని ఆలోచన.

అయితే గోవా పరిశోధనలో ఎవరు లేరో కూడా గమనించాలి. స్త్రీలు లేరు. తాగుడుకు పూర్తిగా బానిసైన తీవ్ర రోగులనూ చేర్చుకోలేదు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన మన బజార్లలో, వలసపోయే కుటుంబాల్లో, మాల మాదిగ పేటల్లో అదే పద్ధతి అంతే ఫలితమిస్తుందని ఎవరూ ముందే చెప్పలేరు. ఇక్కడివారి మధ్యే పరీక్షించి చూడాలి. ఎవరిని పరిశోధనలో లెక్కపెట్టరో, వారికి తగిన వైద్యం కూడా ఆలస్యంగానే అందుతుంది.

తీవ్ర రోగుల విషయంలో మన సంఘాలు తప్పక తెలుసుకోవలసిన మాట ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఉపవాస కూటంలో తీర్మానం చేసుకుని ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం రావచ్చు. దీన్ని దయ్యం పట్టిందనుకుని గదిలో పెట్టి ప్రార్థిస్తూ కూర్చుంటే మనిషి దక్కకపోవచ్చు. ఆ స్థితిలో ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డాక్టర్లు వణుకును, ఫిట్స్‌ను అదుపు చేసే మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఆ రోజులు సురక్షితంగా దాటిస్తారు. అందుకే రోజూ తాగేవారు మానాలనుకుంటే ముందుగా పీహెచ్‌సీ డాక్టరుకో, ఏరియా ఆస్పత్రిలోనో చూపించుకోవాలి.

మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చూసి జాలిపడి ఊరుకోలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చూ పెట్టుకున్నాడు. మన సంఘాలు చేయగలిగింది కూడా అదే. ఓపికగా వినగల ఇద్దరు ముగ్గురిని ఎంచి ఆరోగ్య కేంద్రం సిబ్బంది సాయంతో శిక్షణ ఇప్పించవచ్చు. రోగికి తోడుగా ఆస్పత్రికి వెళ్లవచ్చు. ఆ రోజు కూలి నష్టాన్ని సంఘం భరించవచ్చు. సుగ్గికి వెళ్లినవారిని ఫోన్లో పలకరిస్తూ ఉండవచ్చు. మానినవాడు మళ్లీ తాగితే గుడి మెట్ల మీద నిలదీయకుండా మళ్లీ మొదలుపెట్టించాలి, ఎందుకంటే ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే.

వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446. మానసిక సమస్యలకు టెలి మానస్ నంబరు 14416. ఈ రెండింటినీ మందిరం నోటీసు బోర్డు మీద రాసి పెట్టండి. వచ్చే ఆదివారం ఏ ఇల్లాలైనా ఆ విన్నపం చెప్పుకున్నప్పుడు, ప్రార్థన తర్వాత ఆమె చేతికి ఇవ్వడానికి ఒక నంబరు, తోడు రావడానికి ఒక మనిషి ఉండాలి.