రైలు నమూనా లేఅవుట్

రైలు నమూనా లేఅవుట్ అనగా రైలుమార్గాన్ని, దాని పరిసరాలను ఒక నిష్పత్తి ప్రకారం చిన్నవిగా చేసి బల్లపై నిర్మించిన రూపం. జర్మనీకి చెందిన మార్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మరైళ్లను ప్రదర్శించింది. భారతదేశంలో పూణెలోని జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం (1998) ప్రసిద్ధి చెందినది.

కొలతలు

ఎక్కువగా వాడే హెచ్.ఓ. స్కేలు 1:87. ఇందులో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఇది 1,435 మి.మీ. గల ప్రామాణిక గేజికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. కనుక లెక్కప్రకారం సుమారు 19.3 మి.మీ. ఉండాలి. అయినను భారతీయ రైళ్ల నమూనాలను సాధారణంగా 16.5 మి.మీ. పట్టాల మీదనే నడుపుతారు. పామర్రుకు దగ్గరలోని గుడివాడ జంక్షను నుండి విజయవాడ, మచిలీపట్నం వైపు పోయే మార్గం ఒకప్పుడు మీటరుగేజి. ఆనాటి గుడివాడను నిర్మించదలచినవారికి ఈ చిక్కు లేదు, 12 మి.మీ. పట్టాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి.

పొడవుతోనే అసలు ఇబ్బంది. 22.3 మీటర్ల ఐ.సి.ఎఫ్. పెట్టె నమూనాలో 25.6 సెం.మీ. అవుతుంది. 24 పెట్టెల రైలుకు ఆరు మీటర్ల పైచిలుకు స్థలం కావాలి. రాజమండ్రి వద్ద 1900లో ప్రారంభమైన 56 ఖానాల హేవలాక్ వంతెనకు సుమారు 30 మీటర్లు! అందువలన ఐదారు పెట్టెలతో, నాలుగైదు ఖానాలతో సరిపెట్టుకుంటారు.

డెల్టా దృశ్యం

సాధారణంగా రైలు వెనుదిరిగే వంపును కొండ, సొరంగం చాటున దాస్తారు. కృష్ణా డెల్టా చదునుగా ఉంటుంది కాబట్టి ఇక్కడి దృశ్యాన్ని ఎంచుకున్నవారు ఆ వంపును తాటిచెట్ల వరుస వెనుకనో, బియ్యపుమిల్లు గోడ వెనుకనో మరుగుపరచాలి. కాలువ నీటికి వార్నిషు పూతలు, వరిచేలకు రంగు వేసిన కొబ్బరిపీచు వాడవచ్చును.

ఛాయాచిత్రాలు

నిర్మాతలు పని జరుగుతున్నకొద్దీ ఫొటోలు తీసి తోటివారికి చూపుతారు. పూర్తయిన దృశ్యం కంటె చెక్కచట్రం, బల్ల అడుగున తీగల అమరిక చూపే ఫొటోలే నేర్చుకునేవారికి ఎక్కువ ఉపయోగం. తరువాత మరమ్మత్తులకు కూడా అవే ఆధారం. కెమెరాను బొమ్మ మనిషి కంటి ఎత్తుకు దించి, లెన్సు రంధ్రాన్ని చిన్నదిగా ఉంచి, ఎక్కువసేపు వెలుతురు పడనిస్తే దగ్గరవీ దూరపువీ స్పష్టంగా వస్తాయి. పైనుండి తీస్తే బొమ్మ బొమ్మగానే కనబడుతుంది.

ఈ విద్యలో పేరుపొందిన అమెరికను జాన్ అలెన్ వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంట ఆయన నిర్మించిన లేఅవుట్, 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్దిరోజులకే అగ్నిప్రమాదంలో నాశనమైంది. నేటివారు దానిని చాలావరకు ఆయన తీసిన ఫొటోల ద్వారానే తెలుసుకుంటున్నారు.